మిల్లు ఆగాక మొదలైన ఆట

మాంచెస్టర్ విక్టోరియా స్టేషన్లో బ్లాక్‌బర్న్ రైలెక్కేవాళ్ళలో యాత్రికులు దాదాపు కనిపించరు. పనులకు వెళ్ళేవాళ్ళు, కాలేజీ పిల్లలు, బజారు సంచులతో ఇళ్ళకు పోయే ముసలమ్మలు, అంతే. ఇంగ్లండ్ చూడ్డానికొచ్చిన మనవాళ్ళు లండన్ తిరిగి, ఓపికుంటే స్కాట్లండ్ దాకా వెళ్తారు. మధ్యలో ఉన్న ఈ లాంకషైర్ మిల్లు ఊళ్ళ వైపు తొంగిచూసేవాళ్ళు తక్కువ. నన్నడిగితే ఫుట్‌బాల్ మీద కాస్తయినా మమకారం ఉన్నవాళ్ళు ఎక్కాల్సిన మొదటి రైలు ఇదే. 1888లో తొలి ఫుట్‌బాల్ లీగ్ 12 క్లబ్బులతో మొదలైతే అందులో 6 ఈ ఒక్క లాంకషైర్‌వే. అక్రింగ్టన్, బ్లాక్‌బర్న్ రోవర్స్, బోల్టన్ వాండరర్స్, బర్న్‌లీ, ఎవర్టన్, ప్రెస్టన్ నార్త్ ఎండ్. ఆ లీగ్ పుట్టింది కూడా మాంచెస్టర్లోనే, రాయల్ హోటల్లో, ఆ ఏడాది ఏప్రిల్ 17న జరిగిన సమావేశంలో.

నేను ఈ దారి పట్టడానికి కారణం మా మేనల్లుడు. వాడి ఉద్యోగం మాంచెస్టర్లో. శనివారం వచ్చిందంటే వాడి గదికి నలుగురైదుగురు తెలుగు కుర్రాళ్ళు చేరతారు, తలా ఒక టీమ్. వాడిది సిటీ. ఒకడిది యునైటెడ్, ఇంకొకడిది లివర్‌పూల్, కరీంనగర్ అబ్బాయిది ఆర్సెనల్. వాళ్ళ వాదనలు వింటూ కూర్చున్న నన్ను చూసి, "అత్తా, ఇంత దూరం వచ్చి ఏ టీమూ లేకుండా తిరిగెళ్తావా? ఒకటి ఎంచుకో. రేపే జెర్సీ కొనిపెడతా" అన్నాడు మావాడు.

"ముందు ఏది ఎలా పుట్టిందో చెప్పండ్రా. పుట్టుక తెలీకుండా సంబంధం ఎలా కలుపుకుంటాం?" అన్నాను.

ఆ రాత్రి పొద్దుపోయేదాకా అందరం కలిసి వెతికాం, చదివాం. మావాడి సిటీ 1880లో వెస్ట్ గోర్టన్ అనే కార్మికుల పేటలో సెయింట్ మార్క్స్ చర్చి వాళ్ళు పెట్టుకున్న జట్టు. తాగుడు, వీధి కొట్లాటల్లో కూరుకుపోతున్న మగవాళ్ళకు మంచి వ్యాపకం కావాలని అక్కడి పాస్టరు గారి కూతురు అనా కానెల్ పూనుకోవడం దాని వెనకున్న కథ. యునైటెడ్ 1878లో న్యూటన్ హీత్‌లో రైలు పెట్టెలు తయారుచేసే వర్క్‌షాపు పనివాళ్ళ జట్టు, దివాలా తీసి 1902లో కొత్త పేరు పెట్టుకుంది. ఆర్సెనల్ 1886లో లండన్ పక్కన ఊల్విచ్ ఆయుధ కర్మాగారంలో పుట్టింది. ఎవర్టన్ ఒక మెథడిస్ట్ చర్చి పిల్లలది. వాళ్ళు ఆడుకునే ఆన్‌ఫీల్డ్ మైదానం అద్దె దగ్గర పేచీ వచ్చి 1892లో ఖాళీ చేసి పోతే, మిగిలిన మైదానంలో ఆడించడానికి జాన్ హౌల్డింగ్ పెట్టిన కొత్త జట్టే లివర్‌పూల్. ఇవాళ వేల కోట్ల రూపాయల్లో అమ్ముడుపోయే ఈ పేర్లన్నిటి మొదట్లో ఒక పేట, ఒక కార్ఖానా, లేదా ఒక చర్చి హాలు ఉన్నాయి.

మన దగ్గర విజయవాడలోనో వరంగల్లోనో ఒక కుర్రాడు ఈ జట్లలో ఒకదాన్ని ఎలా ఎంచుకుంటాడో నాకు తెలుసు. ఆటగాడు నచ్చుతాడు. బెకమ్ నచ్చి యునైటెడ్ అన్నవాళ్ళు ఒక తరం, మెస్సీ నచ్చి బార్సెలోనా అన్నవాళ్ళు ఇంకో తరం. ఆ ఆటగాడు వేరే జట్టుకు మారితే వీళ్ళ మనసూ ఊగుతుంది. ఆ ప్రేమ అబద్ధమని నేననను. అర్ధరాత్రి దాకా మేలుకుని, తెల్లారి పరీక్ష ఉన్నా ఆఖరి నిమిషం వరకూ చూసే పిల్లల్ని మా ఇంట్లోనే చూశాను. కానీ ఆటగాడు పదేళ్ళు ఆడతాడు, క్లబ్బు నూట యాభై ఏళ్ళుగా ఒకచోట ఉంది. ఆ చోటేమిటో, అక్కడివాళ్ళు ఏం పని చేసి బతికారో చూసి ఎంచుకుంటే ఆ బంధం నిలుస్తుందనిపించింది. అందుకే స్టేడియం టూర్ టికెట్ల బదులు బ్లాక్‌బర్న్‌కి రెండు రైలు టికెట్లు కొనమన్నాను.

బ్లాక్‌బర్నే ఎందుకంటే, మాది మంగళగిరి. మా తాతగారి ఇంట్లో గుంట మగ్గాలుండేవి. ఎనభయ్యో నంబరు నూలు పడుగు వీధి పొడుగునా సాగదీసి గంజి పెట్టడం, అమ్మమ్మ అరుగు మీద కూర్చుని కండెలు చుట్టడం చూస్తూ పెరిగినదాన్ని. లాంకషైర్ అనే మాట నేను ఫుట్‌బాల్లో వినలేదు. మా తాతగారి నోట, సీమ గుడ్డ గురించిన మాటల్లో విన్నాను.

బోల్టన్ దాటాక రైలు ఒక చిన్న స్టేషన్లో ఆగింది. బోర్డు మీద పేరు చదివి లేచి నిలబడ్డాను. హాల్ ఇ ద్ ఉడ్. శామ్యూల్ క్రాంప్టన్ 1779లో స్పిన్నింగ్ మ్యూల్ తయారుచేసింది ఈ పేరుగల ఇంట్లోనే. మన మస్లిన్‌కి సాటిరాగల సన్న నూలును యంత్రం మీద తీయగలిగింది ఆ మ్యూల్‌తోనే. స్పిన్నింగ్ జెన్నీ తయారుచేసిన జేమ్స్ హార్‌గ్రీవ్స్‌ది బ్లాక్‌బర్న్ పక్క పల్లె. తాడు లాగితే నాడె దానంతటది ఇటునుంచి అటు పరుగెత్తే పద్ధతి కనిపెట్టిన జాన్ కేది ఇక్కడికి దగ్గర్లోనే బరీ అనే ఊరు, సంవత్సరం 1733. మా తాతగారి మగ్గానికి ఉన్నదీ ఆ తాడు నాడే. మన మగ్గాలకు అది విరివిగా వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. మా ఇంటి అన్నానికి గండికొట్టిన ఊళ్ళూ ఇవే, మా తాతగారి చేతికి పనిముట్టు ఇచ్చిన ఊళ్ళూ ఇవే. రైలు కదిలాక చాలాసేపు నేనేమీ మాట్లాడలేదు. మావాడూ కదిలించలేదు.

బ్రామ్లీ క్రాస్, ఎంట్విజిల్ దాటాక కొండల పచ్చదనం వచ్చింది. గొర్రెలు, రాతి గోడలు. తర్వాత లోయలో ఒక ఎత్తైన ఇటుక గొట్టం కనిపించింది. ఫ్యాక్టరీ చిమ్నీ అంటే గుండ్రటి గొట్టం అనుకుంటాం. ఇది నలుపలకలుగా, రంగురంగుల ఇటుకలతో, పైన చెక్కడపు పనితో, ఇటలీ గంట గోపురాల తీరులో కట్టింది. ఎత్తు 300 అడుగులకు పైమాటే. 1860ల్లో కట్టిన ఆ మిల్లు పేరు ఇండియా మిల్. ఊరు డార్వెన్. మేం దిగిపోయాం.

ఇండియా మిల్ గోడ పక్కన నడుస్తుంటే, ఈ ఊరికి మన దేశంతో ఉన్న లెక్క ఎంత పెద్దదో అర్థమవుతుంది. బ్లాక్‌బర్న్ చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన ధోవతులు కలకత్తా రేవులో దిగి మన ఊళ్ళకు చేరేవి. స్వదేశీ ఉద్యమం వచ్చి, పొందూరు లాంటి చోట్ల రాట్నం మళ్ళీ తిరిగి, విదేశీ బట్ట బహిష్కరణ మొదలయ్యాక ఇక్కడి మిల్లులు మూతపడసాగాయి. దానికి మాంద్యం తోడైంది. 1931 సెప్టెంబర్లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వచ్చిన గాంధీ ఈ డార్వెన్‌కి వచ్చారు, స్ప్రింగ్‌వేల్ గార్డెన్ విలేజ్‌లో బసచేశారు. తమ పనులు పోవడానికి కారణమని చెప్పుకుంటున్న మనిషిని మిల్లు ఆడవాళ్ళు చుట్టుముట్టి చేతులెత్తి కేకలేస్తూ స్వాగతం చెప్పిన ఫొటో మీరూ చూసే ఉంటారు. అది గ్రీన్‌ఫీల్డ్ మిల్ దగ్గర తీసింది. మీ కష్టం నాకు బాధగానే ఉంది, కానీ మీకు దొరికే నిరుద్యోగ భృతి పాటి ఆదాయం కూడా మా పల్లెల్లో కోట్లమందికి లేదు అని ఆయన వాళ్ళకు విడమరిచి చెప్పారు. వాళ్ళు విన్నారు. ఆ ఫొటోలో ఆడవాళ్ళ మొహాల్లో పగ ఎక్కడా కనిపించదు. నాకు ఈ ఊరి మీద ఆ క్షణాన ఒక గౌరవం కలిగింది.

ఇక ఆట సంగతి. ఇంగ్లండ్‌లో బడి పిల్లల ఆటగా ఉన్న ఫుట్‌బాల్ మిల్లు మనుషుల చేతికి రావడానికి ఒక చట్టం కారణం. 1850 ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో శనివారం మధ్యాహ్నం 2 గంటలకు ఆడవాళ్ళ, కుర్రాళ్ళ పని ఆపమంది. వాళ్ళు లేకుండా మిల్లు నడవదు కాబట్టి మగవాళ్ళకూ సెలవే. రెండింటికి మిల్లు ఆగితే మొహం కడుక్కుని, ఇంత తిని మైదానానికి చేరేసరికి మూడవుతుంది. నేటికీ ఇంగ్లండ్‌లో శనివారం మ్యాచ్‌కి అలవాటైన వేళ 3 గంటలు.

1879లో డార్వెన్ జట్టు ఎఫ్‌ఏ కప్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది. అవతల ఓల్డ్ ఈటోనియన్స్. ఈటన్‌లో చదివిన దొరబిడ్డలు, ఆట నియమాలు రాసిన వర్గం వాళ్ళు. లండన్‌లో జరిగిన ఆ మ్యాచ్‌లో డార్వెన్ 5-1తో వెనకబడి, ఆఖర్లో వరసగా గోల్స్ కొట్టి 5-5 చేసింది. ఎక్స్‌ట్రా టైమ్ ఆడదామంటే ఈటోనియన్స్ ఒప్పుకోలేదు. మళ్ళీ ఆడాలి, అదీ లండన్‌లోనే. రైలు చార్జీలకు మిల్లు కూలీల దగ్గర డబ్బెక్కడిది? ఊరంతా చందాలు వేసుకుంది. రెండోసారి 2-2. మూడోసారి మళ్ళీ వెళ్ళారు. వారమంతా మగ్గం ముందు నిలబడి, రాత్రి రైల్లో కూర్చుని, అన్ని మైళ్ళు పోయి ఆడిన కాళ్ళు ఎంతకని తట్టుకుంటాయి! 6-2తో ఓడారు. కప్పు ఆ ఏడు ఈటోనియన్స్‌దే అయింది. కానీ గెలవగలం అన్న సంగతి లాంకషైర్ మొత్తానికీ తెలిసిపోయింది.

ఆ డార్వెన్ జట్టులో ఇద్దరు స్కాట్లండ్ వాళ్ళున్నారు, ఫెర్గస్ సూటర్, జేమ్స్ లవ్. సూటర్ రాళ్ళు చెక్కే మేస్త్రీ. ఆడినందుకు డబ్బు తీసుకోవడం నిషేధం ఉన్న రోజుల్లో వాళ్ళకు చాటుగా డబ్బు ముట్టేదని అందరికీ తెలుసు. దొరలకు అది తప్పుగా కనిపించింది. శనివారం పని మానుకుని వస్తే ఆ పూట కూలి పోయే మనిషికి ఎవరు పూడ్చాలి అన్నది వాళ్ళకు తట్టే ప్రశ్న కాదు. 1885లో జీతం తీసుకుని ఆడటాన్ని చట్టబద్ధం చేయక తప్పలేదు. ఈ రోజు ఆటగాళ్ళ కోట్ల జీతాలు చూసి ముక్కున వేలేసుకునేవాళ్ళు ఒక్కసారి డార్వెన్ రైల్వే ప్లాట్‌ఫాం మీద నిలబడి ఈ సంగతి తలచుకోవాలి. పాత డార్వెన్ క్లబ్ 2009లో మూతపడింది. ఊరివాళ్ళు వెంటనే మళ్ళీ ఒక క్లబ్ పెట్టుకున్నారు.

డార్వెన్ నుంచి బ్లాక్‌బర్న్ రైల్లో పది నిమిషాలు కూడా పట్టదు. స్టేషన్ బయటికి రాగానే కతీడ్రల్, దాటితే కింగ్ విలియం స్ట్రీట్. 1875 నవంబర్ 5న ఇక్కడి సెయింట్ లెజర్ హోటల్లో కూర్చుని జాన్ లూయిస్, ఆర్థర్ కాన్‌స్టంటైన్ అనే ఇద్దరు యువకులు, తమ స్నేహితులతో కలిసి రోవర్స్ క్లబ్ పెట్టారు. వాళ్ళిద్దరూ ష్రూస్‌బరీ అనే పెద్ద బడిలో చదువుకున్నవాళ్ళు. అంటే రోవర్స్ పుట్టుకలో కలవారి పాలు ఉంది. మా కథానాయకులు మాత్రం ఇంకో జట్టు. దాన్ని వెతుక్కుంటూ ఊరికి పైనున్న షేర్ బ్రో ఎక్కాం.

ఆ దారిలో వేలీ రేంజ్ అనే వీధి ఉంది. చీరల కొట్లు, మిఠాయి కొట్లు, హలాల్ మాంసం దుకాణాలు, గుజరాతీలో బోర్డులు. 1960ల్లో ఎవరూ చేయనన్న రాత్రి షిఫ్టులకు గుజరాత్ నుంచీ పాకిస్తాన్ నుంచీ మనుషుల్ని మిల్లులు పిలిపించుకున్నాయి. కొన్నేళ్ళకు మిల్లులు పోయాయి, వాళ్ళు మిగిలారు. ఇప్పుడు బ్లాక్‌బర్న్, డార్వెన్ కలిసిన మునిసిపాలిటీలో మూడో వంతుకు పైగా దక్షిణాసియా మూలాల వాళ్ళే. ఒక గుజరాతీ కొట్లో అల్లం టీ తాగాం. కొట్టావిడ నా మంగళగిరి చీర అంచు రెండు వేళ్ళతో పట్టి చూసి, "మగ్గానిదేనా?" అని హిందీలో అడిగింది. వాళ్ళాయన ఇక్కడి మిల్లులో ఆఖరి రోజు దాకా పనిచేశాడట.

షేర్ బ్రో మీద హోల్ ఇ ద్ వాల్ అనే పబ్బు పక్కనే బ్లాక్‌బర్న్ ఒలింపిక్ ఆడేది. తర్వాత అక్కడ ఒక కాలేజీ కట్టారు. ఆనవాలు ఏమీ లేదు. నిలబడి చుట్టూ చూస్తే కింద లోయలో ఊరంతా కనిపిస్తుంది. 1878లో రెండు చిన్న జట్లు కలిసి ఒలింపిక్ అయ్యాయి. సిడ్నీ యేట్స్ అనే ఇనుప ఫౌండ్రీ యజమాని డబ్బిచ్చాడు. నేతగాళ్ళు, నూలు వడికేవాళ్ళు, ఫౌండ్రీ పనివాళ్ళు, ఒక ప్లంబర్, పళ్ళ డాక్టర్ దగ్గర సహాయకుడు, వీళ్ళు ఆటగాళ్ళు. జాక్ హంటర్ అనే అనుభవజ్ఞుడు ఆడుతూనే వాళ్ళకు నేర్పేవాడు. 1883 కప్పు ఆఖరి మ్యాచ్‌లకు ముందు వీళ్ళను సముద్రం ఒడ్డునున్న బ్లాక్‌పూల్‌కి తీసుకెళ్ళి కొన్ని రోజులు ఉంచి, తిండి, వ్యాయామం చూసుకుంటూ సాధన చేయించారు. ఇవాళ ప్రతి జట్టూ చేసే శిక్షణ శిబిరం అప్పట్లో ఎవరూ ఎరగని వింత.

మార్చి 31న లండన్ ఓవల్‌లో ఫైనల్. అవతల మళ్ళీ ఓల్డ్ ఈటోనియన్సే. సగం ఆటకు ఈటోనియన్స్ ఒక గోల్ ముందున్నారు. వాళ్ళ ఆట బంతి పట్టినవాడు తానే దూసుకుపోవడం. ఒలింపిక్ వాళ్ళు బంతిని మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి ఒకరికొకరు అందించుకుంటూ వాళ్ళను పరుగెత్తించారు. మాథ్యూస్ గోల్ కొట్టి సమం చేశాడు. ఈటోనియన్స్‌లో ఒకాయన దెబ్బ తగిలి వెళ్ళిపోయాడు, బదులు మనిషిని దించే పద్ధతి లేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో జిమ్మీ కోస్ట్లీ, నూలు మిల్లు కుర్రాడు, రెండో గోల్ వేశాడు. 2-1. పనిచేసి బతికే మనుషుల జట్టు కప్పు గెలవడం అదే మొదలు. అప్పటిదాకా కప్పు దొరల బడుల పాత విద్యార్థులది, పట్టాలున్న సైనికాధికారులది. ఆ రోజు తర్వాత వాళ్ళలో ఏ జట్టూ మళ్ళీ గెలవలేదు. వెంటనే 1884, 1885, 1886లో వరసగా మూడేళ్ళు కప్పు బ్లాక్‌బర్న్‌కే వచ్చింది, ఈసారి రోవర్స్ చేతుల్లో. డార్వెన్ నుంచి వచ్చి చేరిన సూటర్ వాళ్ళ జట్టులో ఉన్నాడు. జీతాలిచ్చే పోటీలో తట్టుకోలేక ఒలింపిక్ 1889లో రద్దయిపోయింది. దాని అభిమానులు ఏమయ్యారని అడిగితే, ఈ ఊళ్ళో జవాబు ఒకటే. రోవర్స్‌కి వచ్చారు, ఎక్కడికి పోతారు?

శనివారం మధ్యాహ్నం ఈవుడ్ పార్క్‌కి నడిచే వెళ్ళాం. రోవర్స్ 1890 నుంచీ ఆడుతున్న మైదానం. సగం నీలం, సగం తెలుపు చొక్కాలు అన్ని సందుల్లోంచీ వచ్చి పెద్ద రోడ్డు మీద కలుస్తాయి. ద్వారం దగ్గర జాక్ వాకర్ విగ్రహం. ఈ ఊరివాడే, ఉక్కు వ్యాపారంలో సంపాదించిన డబ్బుతో 1991లో క్లబ్బును చేతిలోకి తీసుకుని, కెన్నీ డాల్‌గ్లీష్‌ని మేనేజరుగా పెట్టి, అలన్ షియరర్‌ని కొని, 1995లో ప్రీమియర్ లీగ్ గెలిపించాడు. ఆఖరి రోజు ఆన్‌ఫీల్డ్‌లో రోవర్స్ ఓడిపోయారు. కానీ అదే వేళ యునైటెడ్ వెస్ట్ హామ్ మీద గెలవలేక డ్రా చేసుకోవడంతో టైటిల్ ఇక్కడికొచ్చింది.

మేం కూర్చున్న రివర్‌సైడ్ స్టాండ్ మిగతా మూడింటికన్నా పొట్టిది. నా పక్క సీట్లో డెబ్బై దాటిన పెద్దాయన, ఆయన పక్కన మనవరాలు. ఆట మొదలయ్యేలోపే నా చీర చూసి ఎక్కడినుంచి వచ్చామని అడిగారు. చెప్పాను, నేతపని ఇంట్లో పుట్టానని కూడా చెప్పాను. ఆయన మొహం వెలిగింది. ఆయన తల్లి నలభై ఏళ్ళు నేత మిల్లులో చేసిందట. వందల మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి ఆడవాళ్ళు పెదవులు పెద్దగా కదుపుతూ సద్దు లేకుండా మాట్లాడుకునేవాళ్ళు. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. ఆయన నాకు చేసి చూపించారు. గొంతు రాకుండా, పెదవులు సాగదీసి, కనుబొమలు ఎగరేసి ఒక పూర్తి వాక్యం. మనవరాలు వెంటనే అలాగే జవాబిచ్చింది. ఏమన్నారో నాకు చెప్పనేలేదు, ఇద్దరూ నవ్వుకున్నారు. మిల్లు పోయి ఇన్నేళ్ళైనా మూడో తరం పిల్ల పెదవుల మీద ఆ మాటలు బతికి ఉన్నాయి.

హాఫ్ టైమ్‌లో మాంసం పై తింటూ ఆయనే ఎత్తారు యజమానుల సంగతి. 2010 నవంబర్లో రోవర్స్‌ను కొన్నది మన వెంకీస్ వాళ్ళు. కోళ్ళ పరిశ్రమను దేశమంతా విస్తరింపజేసిన బి.వి.రావు గారు పెట్టిన సంస్థ, పుణే కేంద్రంగా నడుస్తున్నది. మన తెలుగిళ్ళలో ఆ పేరు తెలియనివాళ్ళు తక్కువ. 2012లో జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారింది. ఆ రోజు ఇదే మైదానంలోకి అభిమానులు రోవర్స్ జెండా చుట్టిన కోడిని వదిలారు. 2017లో మూడో డివిజన్‌కి పడిపోయి, ఏడాదికే మళ్ళీ రెండోదానికి లేచారు. నేను వెళ్ళిననాటికి అక్కడే ఉన్నారు. అభిమానుల కోపం నాకు పూర్తిగా న్యాయంగా తోచింది. ఊరికి దూరంగా ఉండి ఊరి గుండెను నడపడం ఎవరికైనా కష్టం, ఆ కొన్నది మనవాళ్ళైనా సరే. అదే మాట ఆయనతో అన్నాను. "వాళ్ళు డబ్బు పెడుతూనే ఉన్నారమ్మా, అది కాదనను. కానీ వాళ్ళు వచ్చి ఇక్కడ మా పక్కన కూర్చోవాలి" అన్నారాయన. ఇదే క్లబ్ 2022 మేలో మైదానం గడ్డి మీద ఈద్ నమాజు చేయించిందని చెప్పినప్పుడు ఆయన గొంతులో గర్వం వినిపించింది. ఇంగ్లండ్‌లో ఏ క్లబ్బూ అంతకుముందు ఆ పని చేయలేదు.

మా వైపు ఫుట్‌బాల్ ఉందా అని అడిగారు. ఉందన్నాను. పోలీసు శాఖలో పుట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి చెప్పాను. ఒకప్పుడు బొంబాయిలో ఆడిన కప్పు పేరు కూడా రోవర్స్ కప్పేనని, దాన్ని 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు మావాళ్ళే గెలిచారని చెబితే మనవరాలు ఫోన్లో రాసుకుంది. వాళ్ళకు నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు, బడి పంతులుగా పనిచేసిన మనిషి, భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం దాకా తీసుకెళ్ళారని చెప్పాను. "ఇప్పుడు?" అన్నారాయన. 2022లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఊరు విడిచి ఢిల్లీకి తరలిపోయిందని చెప్పాల్సి వచ్చింది. ఆయన పై పక్కన పెట్టేశారు. జట్టు ఊరు మారడం ఆయనకు ఊహకందలేదు. ఓడినా, పడిపోయినా, అమ్ముడుపోయినా రోవర్స్ ఈవుడ్‌లోనే ఆడతారు. నాకు ఆ క్షణంలో మా హైదరాబాద్ మీద కలిగిన బాధ ఇంకా తగ్గలేదు. కార్ఖానాలు, శాఖలు, పేటలు కలిసి పెంచుకున్న జట్టు వేరు, వేలంలో కొనుక్కున్న జట్టు వేరు. మొదటిది మనకు ఉండింది. నిలబెట్టుకోలేదు.

రెండో సగంలో రోవర్స్ ఒక గోల్ వేశారు. ఆయన లేచి నిలబడలేదు, మోకాళ్ళ నొప్పి. నా చేయి పట్టుకుని గట్టిగా ఊపారు. అప్పటికే నాకు తెలుసు నా జట్టు ఏదో. తెలుగువాళ్ళు కొన్నారని కాదు. ఒలింపిక్ గెలిచిన ఊరని, గాంధీని చేతులెత్తి పిలిచిన ఊరికి పక్క ఊరని, మా తాతగారి మగ్గంతో పోటీపడి మా ఇంటి పనిని సగానికి తగ్గించిన మగ్గాలు నడిపిన చేతులు కూడా కూలికి పనిచేసినవేనని.

మ్యాచ్ అయ్యాక మావాడు మాట తప్పకుండా జెర్సీ కొన్నాడు. పెద్దాయన వీడ్కోలు చెబుతూ నియమాలు చెప్పారు. చలికాలంలో ఇక్కడ మూడంటే మీకు రాత్రి ఎనిమిదిన్నర, ఎండాకాలంలో ఏడున్నర, లెక్క తప్పొద్దు. ఓడినప్పుడు ఆటగాళ్ళను తిట్టొచ్చు, ఊరిని తిట్టకూడదు. రోవర్స్ స్కోరు చూశాక, పది మైళ్ళ అవతలున్న బర్న్‌లీ స్కోరు కూడా చూడాలి, వాళ్ళు ఓడి ఉంటే మన ఓటమి కాస్త తేలికవుతుంది. ఇంటికి తిరిగొచ్చాక ప్రతి శనివారం అలాగే చూస్తున్నాను, రెండూ.